గడ్డి మూసేసిన వాలులో పూయని నేల ఆర్కిడ్: ఒక క్షేత్ర కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు తూర్పు కనుమల్లోని ఒక రిజర్వు అడవి అంచుకు చెందినది. ఆకురాల్చే అడవి పలచబడి పచ్చిక బయలుగా మారే ఒక వాలు మీద జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్ అనే నేల ఆర్కిడ్ గుంపులు గుంపులుగా పెరుగుతోంది. జిల్లా పేరు, ఊరి పేరు, అక్కడ మాతో కలిసి పనిచేసినవారి వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. దుంప ఉన్న ఆర్కిడ్ ఎక్కడుందో బయటికి తెలిస్తే తవ్వుకుపోయేవారికి దారి చూపినట్లవుతుంది. ఆ వాలును కాపాడాలని చేసిన పనే అక్కడి మొక్కను పూతకు దూరం చేసింది. ఆ సంగతి తేలడానికి మొక్క జీవనక్రమాన్ని, ఆ నేలను ఊరివారు వాడుకున్న తీరును పక్కపక్కన పెట్టి చూడవలసి వచ్చింది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో వెలువరించిన జాబితా ప్రకారం మన దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులు ఉన్నాయి. వాటిలో 757 చెట్ల మీద పెరిగేవి, 447 నేల మీద పెరిగేవి. ఆర్కిడ్ అనగానే కొమ్మ మీది పువ్వే గుర్తుకు రావడం వల్ల నేల ఆర్కిడ్ల మీద చూపు తక్కువ పడుతుంది. పూత లేని రోజుల్లో అవి గడ్డిలో కలిసిపోతాయి. జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్ అరుదైన జాతి కాదు. భారతదేశం నుంచి ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వరకు ఇది వ్యాపించి ఉంది. కొత్త వర్గీకరణలో దీన్ని యులోఫియా ప్రజాతిలో చేర్చారు, కానీ క్షేత్రంలో పాత పేరే ఎక్కువగా వినిపిస్తుంది కనుక ఇక్కడా అదే వాడుతున్నాను. అంత విస్తారంగా ఉన్నా, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఇదే మొక్కను అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టింది. ఒక జాతి ఎన్ని దేశాల్లో ఉన్నా, ఒక వాలు మీది గుంపు ఆ వాలు మీద జరిగేదానిని బట్టే బతుకుతుంది.

ఈ మొక్క ఏడాదిలో సగం కాలం నేల పైన కనిపించదు. తొలకరి పడ్డాక, మృగశిర, ఆరుద్ర కార్తెల నాటికి, నేలలోని గుండ్రటి దుంప పక్క నుంచి కొత్త మొలక లేస్తుంది. ఆకులు లేత తాటాకులా నిలువు మడతలతో వెడల్పుగా విచ్చుకుంటాయి. ఇంచుమించు అదే సమయంలో ఆకుల పక్క నుంచి విడిగా ఒక పూలకాడ వస్తుంది. అది కొంత ఎత్తు లేచి, కొసన కిందికి వంగుతుంది. ఆ వంపులో తెలుపు, లేత గులాబీ రంగు పువ్వులు దగ్గరదగ్గరగా తలకిందులుగా వేలాడతాయి. కాయలు కట్టి ఎదుగుతున్నకొద్దీ వంగిన కాడ మెల్లగా నిటారుగా నిలబడుతుంది. కాయ పగిలేనాటికి ధూళి అంత సన్నని విత్తనం గాలికి అందే ఎత్తులో ఉంటుంది. వానలు వెనకబట్టాక ఆకులు పసుపెక్కి పడిపోతాయి. ఆ తరువాత మళ్లీ తొలకరి దాకా మొక్క అంటే నేలలోని దుంపే. ఏటా పాత దుంప పక్కన కొత్త దుంప ఏర్పడుతుంది. పాతవి ఆకు లేకుండా వరుసగా అంటుకుని కొన్నేళ్లు నిల్వగా మిగులుతాయి.

విత్తనం సంగతి వేరు. ఇతర ఆర్కిడ్లలాగే దీని విత్తనంలోనూ పిండానికి ఆహారపు నిల్వ ఉండదు. నేలలోని కొన్ని శిలీంద్రాలు విత్తనం లోపలికి చేరి ఆహారం అందిస్తేనే అది ప్రోటోకార్మ్ అనే చిన్న గడ్డగా మారి, తరువాత వేరు, ఆకు తొడుగుతుంది. ఈ సంబంధాన్ని 1899లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ గుర్తించాడు. ఒక కాయలో విత్తనాలు వేలల్లో ఉన్నా, అవి నేలను తాకకపోతే, తాకినచోట ఆ శిలీంద్రం లేకపోతే, ఒక్కటీ మొక్క కాదు.

సమస్య

ఆ వాలు బాధ్యత చూసే స్థానిక సంరక్షణ బృందం మమ్మల్ని పిలిచినప్పుడు చెప్పిన సమస్య సూటిగానే ఉంది. కొన్నేళ్ల కిందట వారు వాలు చుట్టూ పశువులు దాటలేని కందకం తవ్వించారు. గడ్డి కోత మాన్పించారు. నిప్పు రాకుండా అంచుల్లో అగ్నిరేఖలు శుభ్రం చేయించారు. కందకం తవ్విన మరుసటి వానాకాలంలో పూత కళ్లకు కనిపించేంతగా పెరిగింది; పని ఫలించిందని అందరూ సంతోషించారు. ఆపై ఏటేటా పూత తగ్గుతూ వచ్చి, మమ్మల్ని పిలిచేనాటికి ఒకప్పుడు నిండుగా పూసిన గుంపుల్లో కూడా ఒకటీ అరా పూలకాడలే మిగిలాయి. ఎవరో రాత్రిపూట దుంపలు తవ్వుకుపోతున్నారని వారి అనుమానం. ప్రయోగశాలలో పెంచిన నారు తెచ్చి నాటమని వారి కోరిక.

నారు నాటడం అందరికీ వెంటనే కనిపించే పని, ఫోటోకు అందే పని కూడా. అయినా దాన్ని పక్కన పెట్టమని మొదటి సమావేశంలోనే చెప్పాము. ఉన్న ముదురు మొక్క ఎందుకు పూయడం లేదో తెలియనప్పుడు, అంతకంటే బలహీనమైన లేత మొక్కను అదే చోట నాటి దాని నుంచి ఫలితం ఆశించడంలో అర్థం లేదు. పైగా మొక్కలు నిజంగా పోయాయా, లేక పూత మాత్రమే ఆగిందా అన్న ప్రశ్నకు అప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు. వారి లెక్కలన్నీ పూలకాడల లెక్కలే. ఒక నేల ఆర్కిడ్ ఆకు మాత్రమే వేసి ఊరుకోవచ్చు. కొన్ని జాతుల్లో ఒక ఏడాది మొలకే లేకుండా దుంపగానే నేలలో ఉండిపోవడమూ ఉంది. పూలకాడల లెక్క ఆ ఏడాది పూయగలిగిన మొక్కల లెక్కే తప్ప, మొత్తం మొక్కల లెక్క కాదు.

లెక్క ఎలా వేశాము

తొలకరికి ముందే వాలులో కొన్ని చదరాలు గుర్తించి, మూలల్లో ఇనుప మేకులు నేలమట్టానికి దిగ్గొట్టాము. మొలక కనిపించిన ప్రతిచోటా రెండు మేకుల నుంచి దూరం కొలిచి రాసుకున్నాము. మొక్క పక్కన కర్ర పాతడం, రంగు గుడ్డ కట్టడం కావాలనే మానుకున్నాము, ఎందుకంటే ఆ గుర్తు మనకు ఎంత కనిపిస్తుందో దుంప కోసం వెతికేవారికీ అంతే కనిపిస్తుంది. రెండు దూరాలు తెలిస్తే టేపుతో మరుసటి ఏడాది అదే మొక్కను, అది మొలవకపోయినా, అది ఉండవలసిన చోటును పట్టుకోవచ్చు.

ఆకు చూసి లెక్క వేయడంలో ఒక చిక్కు ఉంది. అదే వాలులో నేలతాడి అనే చిన్న మొక్క విస్తారంగా ఉంది. దాని ఆకుకూ నిలువు మడతలుంటాయి. లేత దశలో రెంటినీ కలగలిపి లెక్కిస్తే లేని మొక్కలు ఉన్నట్లు చూపే ప్రమాదముంది. నేలతాడి ఆకు సన్నగా, పొడుగ్గా ఉండి, తడిమితే నూగు తగులుతుంది. దాని పసుపు పువ్వు నేలను అంటుకుని పూస్తుంది. లెక్కకు వచ్చే ప్రతి ఒక్కరికీ మొదటి రోజు ఈ తేడా చేతికి చూపించి, తరువాతే చదరాల్లోకి పంపాము. సందేహం ఉన్న మొలకకు ప్రశ్న గుర్తు పెట్టి, వానాకాలం మధ్యలో మళ్లీ చూడాలని నియమం పెట్టుకున్నాము.

లెక్క రెండుసార్లు వేయాలని నిర్ణయించడానికి మొక్క నడతే కారణం. పూత సమయంలో కాడ కొస కిందికి వంగి ఉంటుంది కాబట్టి, గడ్డి దట్టంగా ఉన్నచోట పువ్వు దాని లోపలే ఉండిపోతుంది. నిలబడి చూసేవారికి అది కనిపించదు. చేత్తో గడ్డి విడదీయాలి. కాయలు కట్టి కాడ నిటారుగా లేచాక అదే మొక్క సులువుగా దొరుకుతుంది. రెండు లెక్కలను పోల్చితే పూతలో ఎన్ని తప్పిపోయాయో, పూసినవాటిలో ఎన్ని కాయ కట్టాయో రెండూ తెలుస్తాయి.

మొదటి వానాకాలపు లెక్క ప్రశ్నను పూర్తిగా మార్చేసింది. మొక్కలు పోలేదు. పాత గుంపులు ఉన్నచోటల్లా మొలకలు ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటికి ఒకటి రెండు సన్నని ఆకులే ఉన్నాయి, పూలకాడ లేదు. పూసిన కొద్ది మొక్కలూ చెట్ల పలచని నీడలో, పొదలు లేనిచోట, గడ్డి పొట్టిగా ఉన్నచోట ఉన్నాయి. దట్టమైన పాత గడ్డి కింద, బయటి నుంచి వచ్చి అడవులను ఆక్రమించే లాంటానా పొద అంచున ఉన్న మొక్కలు పూయలేదు.

అనుమానాలను జల్లెడ పట్టడం

దుంపల దొంగతనం మాటను ముందుగా పరిశీలించాము, ఎందుకంటే అది నిజమైతే మిగతా పని ఏదీ నిలవదు. వాలులో తవ్వకాలు ఉన్న మాట నిజమే, అయితే ఎక్కువ భాగం అడవిపందులవి. పంది తవ్వితే మట్టి వెడల్పుగా పెళ్లగించి చెదరగొట్టి ఉంటుంది, వేర్లు కొరికి ఉంటాయి. మనిషి గునపంతో తీసిన గుంత ఇరుకుగా, లోతుగా, ఒక పక్క నునుపుగా ఉంటుంది. రెండో రకం గుంతలు అక్కడక్కడే కనిపించాయి. ఊళ్లో నాటువైద్యం చేసే ఒక పెద్దాయన ఈ దుంపను వాడతాడని అప్పటికే తెలుసు. బృందంలోని కుర్రాళ్లు ఆయన మీద ఫిర్యాదు చేద్దామన్నారు. మేము వద్దని, ముందుగా ఆయనతో మాట్లాడాము. "తాతా, ఏ దుంప తీస్తావు, ఎప్పుడు తీస్తావు?" అని అడిగితే, ఆకు ఎండాక, వరుసలో చివరి ముదురు దుంపలు మాత్రమే తీసి, కొత్త మొలక వచ్చే కొస వదిలేస్తానని చెప్పి, తీసిన ఒక గుంత చూపించాడు. ఆ గుంతలో కొత్త దుంప నిజంగానే మిగిలి ఉంది. ఆయన తీసే పరిమాణం ఇంత పెద్ద తగ్గుదలకు కారణం కాజాలదు. అలాగని ఆ మాటను తేలికగా తీసుకోలేదు: పాత దుంప మొక్కకు నిల్వ ఆహారం, ఇప్పటికే బక్కచిక్కిన మొక్క నుంచి దాన్ని తీస్తే పూత ఇంకా వెనక్కు పోతుంది. గుర్తించిన చదరాల్లో తవ్వకూడదని ఆయన ఒప్పుకున్నాడు; బదులుగా, అటవీ సిబ్బంది అనుమతితో, పంది పెళ్లగించి పడేసిన పాత దుంపలను ఆయన పెరట్లో నాటించాము. వాటిలో కొన్ని మరుసటి తొలకరికి మొలకెత్తాయి.

తరువాత పరాగసంపర్కం. కీటకాలు తగ్గి కాయలు పడకపోతే క్రమంగా కొత్త మొక్కలు తగ్గుతాయి. కానీ పూసిన మొక్కల్లో కాయలు బాగానే కట్టాయి. కొన్ని కాయల నుంచి తీసిన విత్తనాన్ని టెట్రాజోలియం ద్రావణంలో నానబెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే, బతికి ఉన్న పిండం ఎర్రబారి కనిపిస్తుంది. విత్తనంలో చాలా భాగం సజీవంగా ఉందని తేలింది. అయినా ఈ సమస్యకు అసలు కారణం ఇక్కడ ఉండే అవకాశం తక్కువ: పరాగసంపర్కం ఆగితే కాయలు ఆగుతాయి, ముదురు మొక్కల పూత ఆగదు.

శిలీంద్రం ఇంకా ఉందా అన్నది మూడో ప్రశ్న. రాస్‌ముస్సెన్, విగమ్ అనే పరిశోధకులు 1993లో ప్రచురించిన విత్తనపు పొట్లాల పద్ధతి దీనికి సరిపోతుంది. సన్నని నైలాన్ వలగుడ్డ మడతలో విత్తనాలు పెట్టి, నేలలో పాతి, కొంతకాలం తరువాత తీసి చూడాలి. వల కన్నాల గుండా శిలీంద్రపు పోగులు లోపలికి పోతాయి, విత్తనాలు బయటికి రావు. పూసే మొక్కల దగ్గర, పూయని మొక్కల దగ్గర, మొక్కలే లేని గడ్డిలో పొట్లాలు పాతించాము. మొదటి రెండు చోట్లా కొన్ని విత్తనాలు ఉబ్బి ప్రోటోకార్ములయ్యాయి. పూయని మొక్కల దగ్గర కూడా మట్టిలో శిలీంద్రం ఉందన్నమాట. ఇది నాకు చాలా ముఖ్యమైన ఫలితం. పొట్లంలోని విత్తనాన్ని మేము చేత్తో మట్టిలో పెట్టాము. కాయ నుంచి రాలిన విత్తనం మాత్రం అడుగు మందాన పేరుకున్న ఎండుగడ్డి మీద పడి అక్కడే ఎండిపోతోంది. మట్టి సిద్ధంగా ఉంది, విత్తనం సిద్ధంగా ఉంది, రెంటి నడుమ గడ్డి పరుపు ఉంది.

దీనితో మిగిలింది వెలుతురు. పూలకాడ వేయాలంటే గత వానాకాలంలో ఆకు తగినంత ఆహారం తయారుచేసి దుంపలో దాచి ఉండాలి. ఈ ఏటి పూత నిరుటి ఆకు సంపాదన. కందకం తవ్విన మరుసటి ఏడాది పూత పెరిగి, తరువాత తగ్గడం ఈ లెక్కతో సరిగ్గా అర్థమవుతుంది: మొదటి ఏడాది పశువుల కాళ్లు, కొరుకుడు తప్పి, నిల్వ ఉన్న దుంపలన్నీ పూశాయి, ఆపై మేయని, కోయని గడ్డి పెరిగి ఆకుకు వెలుతురు తగ్గింది, దుంప ఏటా చిన్నదవుతూ వచ్చింది. వాలులో ఇంతకుముందు ఏం జరిగేదని ఊళ్లో విచారిస్తే జవాబు సులువుగానే దొరికింది. ఇంటి కప్పుల కోసం ఆడవాళ్లు పుష్యమాసంలో బోదగడ్డి కోసి మోపులు కట్టి తీసుకుపోయేవారు, ఆ తరువాత మోళ్ల మీద పశువులు మేసేవి. కందకంతో రెండూ ఒకేసారి ఆగాయి. కాలక్రమం సరిపోయినంత మాత్రాన కారణం రుజువైనట్లు కాదు కనుక, దాన్ని చదరాల్లో పరీక్షించాలనుకున్నాము.

ప్రయత్నించినవి, విఫలమైనవి

గడ్డి తగ్గించడానికి మూడు దారులున్నాయి: నిప్పు, మేత, కోత. నిప్పు పెడితే ఎండాకాలంలో నేల లోపల ఉన్న ముదురు దుంపకు వేగంగా పోయే మంట వల్ల పెద్దగా నష్టం ఉండకపోవచ్చు, కానీ పైపొరలో ఉండే లేత ప్రోటోకార్ములకు, ఆకుచెత్తలోని శిలీంద్రానికి ఆ భరోసా లేదు. అదీకాక రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. ఆ దారి గురించి మేము చర్చించింది అంతవరకే.

కోతను మొదట మూడు రకాలుగా పరీక్షించాము. కొన్ని చదరాల్లో ఆకులు పడిపోయి కాయలు పగిలాక గడ్డి కోసి బయటికి మోయించాము. కొన్నిటిలో కోసి అక్కడే పరిచి వదిలాము. పోషకాలు మట్టికి తిరిగి చేరతాయని, కూలీ ఖర్చు తగ్గుతుందని బృందంలో కొందరి వాదన. కొన్నిటిని అలాగే ఉంచాము. కోసి వదిలిన చదరాలు కోయనివాటికంటే మెరుగు కాలేదు. కోసిన గడ్డి చివికేలోపే తొలకరి వచ్చి, మొలకలు ఆ పొర కింద పాలిపోయి వంకర తిరిగి బయటపడ్డాయి. పచ్చిక నేలలకు పోషకాలు చేర్చడం ఎప్పుడూ మేలు కాదు; బలమైన నేలలో ముందుగా బలిసేది గడ్డే.

పొదల పనిలో ఒకచోట తొందర నష్టం చేసింది. వాలు కింది భాగంలో లాంటానాతోపాటు పొదలన్నీ ఒకే ఎండాకాలంలో తీసేస్తే త్వరగా ఫలితం వస్తుందని బృందం కోరింది; ఒక చిన్న ముక్కలో అలా చేసి చూడటానికి అంగీకరించాము. మొదటి వానకు మొలకలు బాగానే వచ్చాయి. కానీ నీడ ఒక్కసారిగా పోయేసరికి, వానల నడుమ ఎండ కాసిన రోజుల్లో ఆకుల అంచులు మాడాయి, ఆకులు మిగతా వాలుకంటే ముందే పసుపెక్కాయి. ఖాళీ అయిన నేలను గడ్డి, కొత్త లాంటానా మొలకలు పోటీపడి ఆక్రమించాయి. ఇది అడవికీ పచ్చికకూ నడిమి మొక్క. దానికి పొద కింది చీకటీ పనికిరాదు, ఎండకు పూర్తిగా విప్పిన నేలా పనికిరాదు; నల్లమద్ది, చిరుమాను ఆకుల సందుల నుంచి పడే చెదురుమదురు వెలుతురు కావాలి.

నారు విషయంలో బృందం పట్టు వదలలేదు, వారి ఆశ నాకు అర్థమైంది. అనుమతి తీసుకుని, అదే వాలు కాయల విత్తనాన్నే ప్రయోగశాలలో చక్కెర ఉన్న మాధ్యమం మీద మొలకెత్తించారు. శిలీంద్రం లేకుండా ఇలా మొలకెత్తించవచ్చని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో చూపించాడు. ఇంకో కొండ విత్తనం తేవద్దని మేము గట్టిగా చెప్పడానికి కారణం, ఈ వాలు ఎండాకాలానికి అలవాటుపడిన వంశాన్ని పరాయి వంశంతో కలపకూడదన్నది. నాటిన మొక్కలు వానాకాలమంతా పచ్చగా ఉన్నాయి. మరుసటి తొలకరికి చాలావరకు లేవలేదు. సీసాలో పెరిగిన మొక్కకు చిన్న దుంపే ఉంటుంది, వేర్లలో శిలీంద్రం ఉండదు. నెలల తరబడి ఎండిన నేలలో గడపడానికి ఆ నిల్వ చాలదు. మిగిలిన నారును నాటకుండా, ఆ వాలు మట్టి కలిపిన కుండీల్లో, ముదురు మొక్కలలాగే ఎండాకాలం నిద్రపోనిచ్చి, దుంప ఊరేవరకు నర్సరీలోనే ఉంచాలని నిర్ణయించాము.

పనిచేసినది

కోసి, మోసుకుపోయిన చదరాల్లో మొదటి వానాకాలంలో పూత పెరగలేదు. బృందం నిరుత్సాహపడింది. మేము మాత్రం ఆకుల వెడల్పు, సంఖ్య చూడమని చెప్పాము: ఒకే ఆకు వేసిన మొక్కలు రెండు మూడు వేస్తున్నాయి. పూత నిరుటి ఆకు సంపాదన అయినప్పుడు, మొదటి ఏడాది ఆకులోనూ ఆ తరువాతే పువ్వులోనూ ఫలితం కనబడాలి. తరువాతి ఏళ్లలో అలాగే జరిగింది. ఆకు మాత్రమే వేస్తూ వచ్చిన మొక్కలు, మేకుల దూరాలతో ఒక్కొక్కటిగా గుర్తుపట్టిన అవే మొక్కలు, పూలకాడలు వేశాయి. కోయని చదరాల్లో పూత అలాగే పలచగా మిగిలింది. పూలకాడలు మాత్రమే లెక్కించి ఉంటే మొదటి ఏడాది చివర ఈ పద్ధతిని విఫలమని వదిలేసేవాళ్లం.

కోతకు సమయం ఎంచడంలో రెండు హద్దులు పెట్టుకున్నాము. కాయలన్నీ పగిలి, ఆకులు పూర్తిగా పడిపోయేదాకా కొడవలి దిగకూడదు; ఆకులో మిగిలిన ఆహారం చివరిరోజుల వరకు దుంపలోకి దిగుతూనే ఉంటుంది. తొలకరి మొలకలు లేచాక ఎవరూ మోపులు మోస్తూ వాలు తొక్కకూడదు. ఈ రెంటి నడుమ పుష్యమాసం హాయిగా ఇముడుతుంది. ఊరి ఆడవాళ్లు పాతికేళ్లుగా కోసిన సమయం మొక్కకు సరిపోయే సమయమే. ఇప్పుడు కప్పులకు గడ్డి అవసరం తగ్గింది కనుక, కోసినవారే దాన్ని పశువుల పాకలకు, ఇతర అవసరాలకు తీసుకుపోయే ఏర్పాటు జరిగింది. దీనికి అటవీ సిబ్బంది ఒప్పుకోవడానికి మా చదరాల ఫలితాలు ఉపయోగపడ్డాయి.

లాంటానాకు రెండు పద్ధతులు పెట్టుకున్నాము. కాండం కోస్తే మళ్లీ చిగురిస్తుంది. నేలమట్టానికి కాస్త కింద, వేరు మొదలయ్యేచోట ప్రధాన వేరును నరికి, పొదను పెకలించి తలకిందులుగా పడేస్తే చిగురించడం బాగా తగ్గుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి. ఆర్. బాబు బృందం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆర్కిడ్ గుంపులకు దూరంగా దీన్నే వాడాము. గుంపుల దగ్గర మాత్రం మట్టిని కదపకూడదు, దుంపల వరుస అంత లోతున ఉండదు. అక్కడ చేత్తో కోసి, చిగురు వచ్చినప్పుడల్లా తుంచి, పొదను అలసిపోనివ్వడమే చేశాము. శ్రమ ఎక్కువ, ఫలితం నిదానం, కానీ దుంపకు గునపం తగలదు. మొత్తం పొదలను ఒకేసారి కాకుండా ఏటా మూడో వంతు చొప్పున, అదీ తూర్పు వైపు నుంచి తీయించాము; ఉదయపు ఎండ ముందుగా అందుతుంది, మధ్యాహ్నపు ఎండకు మిగిలిన పొదల నీడ ఇంకా ఉంటుంది. చెట్లను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

కందకాన్ని పూడ్చలేదు. వానాకాలంలో అది చేసే మేలు నిజమైనదే: మొలక నుంచి కాయ పగిలేవరకు పశువు లోపలికి రాకూడదు. ఒకచోట మాత్రం దాటుదారి వేయించి, గడ్డి కోత ముగిశాక దాన్ని తెరిచి, తొలకరికి ముందు మూయిస్తున్నారు. ఎండాకాలపు మేత వల్ల కోతకు అందని మోళ్లు తగ్గుతాయి. పశువుల గిట్టలు అక్కడక్కడ మట్టిని విప్పుతాయి, రాలిన విత్తనానికి ఆ చిన్న ఖాళీలు నేలను అందిస్తాయని మా ఊహ. ఇది ఇంకా ఊహే. గిట్టలు పడిన చదరాలనూ పడనివాటినీ విడిగా లెక్కిస్తున్నాము.

ఈ కేసు నుంచి ఇలాంటి చోట్ల పనిచేసేవారు తీసుకెళ్లవలసినది నా దృష్టిలో లెక్క పద్ధతి. నేల ఆర్కిడ్ల గుంపు తగ్గిందని ఎవరైనా చెబితే, ఏ దశను లెక్కించి చెబుతున్నారో ముందుగా అడగాలి. ఆకు, పువ్వు, కాయ, కొత్త మొలక: ఈ నాలుగింటిలో ఏది ఆగిందో తెలిస్తే కారణాల సంఖ్య సగానికి తగ్గుతుంది. ఇక్కడ ఆకు ఉండి పువ్వు ఆగింది కాబట్టి మొక్క ఆహారం గురించి, అంటే వెలుతురు గురించి వెతికాము. కాయ కట్టి కొత్త మొలక ఆగి ఉంటే నేల గురించి వెతకాలి. ఆకే లేకుంటే మనిషి తవ్వకం, పంది, మొలవకుండా దుంపగా ఉండిపోయే నిద్ర ఈ మూడింటినీ కనీసం రెండు వానాకాలాలు చూసి విడదీయాలి. ఏ చట్టబద్ధ రక్షణ ఉన్నా ఈ పని తప్పదు. ఆర్కిడ్ కుటుంబం, అడవి జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు అనుబంధాల్లో ఉంది, ఆ ఒప్పందపు జాతులకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2022 సవరణతో చోటు దొరికింది. అది వ్యాపారాన్ని అదుపు చేస్తుంది, వాలు మీది గడ్డిని కాదు.

గుంపుల మధ్య ఖాళీల్లో కొత్త లేత మొలకలు కొన్ని ఇప్పుడు కనిపిస్తున్నాయి. అవి విత్తనం నుంచి వచ్చినవా, పంది చెదరగొట్టిన పాత దుంపల నుంచి లేచినవా అన్నది తవ్వకుండా చెప్పలేము, తవ్వే ఉద్దేశం లేదు. ఆకు పరిమాణం ఏటా ఎలా మారుతుందో చూసి నిర్ధారించుకుంటాము. నర్సరీలోని నారును వాటి దగ్గర నాటడం అప్పటిదాకా ఆపాము, రెండూ కలిసిపోతే ఏది సహజంగా వచ్చిందో ఎప్పటికీ తేలదు. ఇక దాటుదారి విషయంలో, తేదీని బట్టి మూసే పద్ధతిని ఈ మధ్యే మార్చుకున్నాము. వేసవి వానలు ముందుగా పడిన ఏడాది మొలకలు కార్తె కోసం ఆగవు. అందుచేత గుర్తించిన చదరాల్లో ఎక్కడైనా మొదటి మొలక కనిపించిన రోజే, నెల ఏదైనా, దాటుదారి మూయాలని పశువుల కాపరులతోనూ బృందంతోనూ ఒప్పందం కుదిరింది. ఆ మొలకను చూసి చెప్పే బాధ్యతను రోజూ ఆ వాలు మీదుగా నడిచే కాపరులే తీసుకున్నారు.